పడుకోబెట్టిన బ్యాటరీ

మా అమ్మకి ఒక లేత నీలం కాటన్ చీర ఉంది. దాని అంచు దగ్గర, సరిగ్గా మడమ తగిలే చోట, తొమ్మిది చిన్న చిల్లులున్నాయి. ఎలుకలు కొరికాయనుకుంది అమ్మ. కొరికింది నేనే, బైక్ బ్యాటరీతో.

మన కాలేజీ పార్కింగ్‌లో చూస్తున్నా. సైడ్ ప్యానెళ్లు పీకేసి, సీటు కురచ చేసి, బ్యాటరీని ఎక్కడో తోక కింద ఇరికించిన బండ్లు పెరుగుతున్నాయి. చేయాలనుకుంటున్న వాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా. నాది మొదటినుంచీ ఇంగ్లిష్ మీడియం, కాబట్టి భాషలో తప్పులుంటే సర్దుకోండి. కెమిస్ట్రీలో మాత్రం తప్పుల్లేకుండా చూసుకున్నా.

ముందు నేను చేసిన ఘనకార్యం

మాది గోలేటి. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా, రెబ్బెన మండలం. సింగరేణి బెల్లంపల్లి ఏరియా ఆఫీసు ఉండేది మా ఊళ్లోనే. బాపు చాలా ఏళ్లు అండర్‌గ్రౌండ్ బాయిలో పనిచేసి, ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌కి వచ్చాడు. ఆయన పాత 100 సీసీ బండి మొన్న ఎండాకాలం సెలవుల్లో నా చేతికొచ్చింది. కిక్కు కొడితే స్టార్టయ్యే రకం.

నాకు దాన్ని స్క్రాంబ్లర్ చేయాలని కోరిక. అలాంటి బండ్ల ఫొటోల్లో సీటు కింద, ఇంజన్ వెనక ఉండే త్రికోణం ఖాళీగా, ఇటునుంచి అటు కనబడుతుంది. నా బండిలో ఆ త్రికోణం మధ్యలో బ్యాటరీ డబ్బా కూర్చుంది. తీసి సీటు తోక కింద పెడదామని కొలిచా. అక్కడ ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు. బ్యాటరీ నిలబెడితే పదిన్నర, పడుకోబెడితే ఏడు. పడుకోబెట్టేశా. పక్కనుంచి వచ్చే సన్నటి పైపు మడత పడుతోందని దాన్ని కూడా పీకేశా. ఫిట్ అయింది, హారన్ మోగింది, ఇంకేం కావాలి? కంపైల్ అయితే ప్రోగ్రాం కరెక్ట్ అనుకునే రకం నేను.

మూడు వారాలయ్యాక ఒక సాయంత్రం అమ్మని ఎక్కించుకుని బెల్లంపల్లి నుంచి వస్తున్నా. చీకటి పడింది. గోలేటి వైపు తిరగడానికి ఇండికేటర్ వేసి, బ్రేకు కొట్టా. వెనక నుంచి లారీ హారన్, దాని వెంటే బ్రేకుల కీచు శబ్దం. లారీ మమ్మల్ని తప్పించుకుంటూ కుడిపక్క నుంచి దూసుకుపోయింది. ఆ గాలికి అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. దిగి చూస్తే ఇండికేటర్ వెలగట్లేదు. బ్రేక్ లైట్ లేదు. హారన్ లేదు. హెడ్‌లైట్ మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. అందుకే అప్పటిదాకా నాకు అనుమానం రాలేదు.

కారణం తర్వాత తెలిసింది. అలాంటి పాత చిన్న బండ్లలో హెడ్‌లైట్ ఇంజన్ తిప్పే కాయిల్ నుంచి నేరుగా కరెంటు తీసుకుంటుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైట్ మాత్రం బ్యాటరీ మీద బతుకుతాయి. బ్యాటరీ చచ్చినా ముందు దారి నాకు కనబడుతుంది, నేను మాత్రం వెనక వాడికి కనబడను.

చీర సంగతి రెండు రోజుల తర్వాత బయటపడింది. యాసిడ్ చుక్క కాటన్ మీద పడితే వెంటనే ఏమీ కనబడదు. మెల్లగా దారాన్ని తినేస్తుంది. ఉతికినప్పుడు ఆ చోటు రాలిపోతుంది.

బాపు నడుముకున్న బ్యాటరీ

బాపు సీటు ఎత్తి చూశాడు. ఫ్రేమ్ మీద రంగు పొక్కులు పొక్కి లేచింది. టెర్మినల్ దగ్గర తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి. ఒక వైరు లోపల రాగి తినేసి, పైతొడుగు మాత్రమే మిగిలింది.

"దీన్ని పండవెట్టుమని నీకెవలు చెప్పిండ్రురా?" అన్నాడు.

"మరి మీ ల్యాంపు బ్యాటరీలు? బాయిలో మీరు వంగుతరు, పంటరు, పాకుతరు కదా. అవి కారవా?" అన్నాన్నేను, తప్పించుకోడానికి.

బాపుకి కోపం రావాల్సింది. ఆశ్చర్యంగా, కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

బాయిలోకి దిగేవాళ్ల టోపీ మీద లైటు ఉంటుంది, దాని బ్యాటరీ నడుం బెల్టుకి. ఈ పద్ధతికి వందేళ్లు దాటింది. అమెరికాలో థామస్ ఎడిసన్ బ్యాటరీతో 1914 ప్రాంతంలో గని కార్మికుల కోసం ఇలాంటి దీపం తయారైంది. అంతకు ముందు మంట దీపాలే. బొగ్గు గనిలో ఊరే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే నిప్పు తగలగానే పేలుతుంది. అందుకే 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ ఇనుప జాలీ పెట్టిన దీపం చేశాడు. ఎలక్ట్రిక్ ల్యాంపు వచ్చాక మంటే లేకుండా పోయింది.

బాపు కొత్తగా చేరినప్పుడు ల్యాంపు రూంలో ఇచ్చేవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. రెండు సెల్స్, 4 వోల్టులు, రెండు కిలోల పైనే బరువు. షిఫ్టంతా నడుముకి వేలాడాలి. "అది మనిషితోటి వంగుతదని తెలిసే తయారుచేసిండ్రు. మూత, గ్యాస్ పోయే తొవ్వ, అన్నీ దానికి తగ్గట్టు పెట్టిండ్రు. గంత చేసినా, నడుం కాడ తడి తగిలితే చూసుకోవాలె అనేటోళ్లు మా పెద్దోళ్లు. నీ బండిది నిలవడి ఉండనీకి చేసిన బ్యాటరీ. దాన్ని నువ్వు ఒరగవెట్టినవ్."

ఇప్పుడు ల్యాంపులు లిథియం బ్యాటరీ, ఎల్ఈడీ బల్బుతో వస్తున్నాయి. అరచేతిలో పట్టేంత. ఎటు తిప్పినా కారడానికి లోపల యాసిడే లేదు. బాపు చెప్పిన ఈ రెండు ల్యాంపుల మధ్యే మొత్తం పాఠం ఉంది. పడుకోబెట్టొచ్చా లేదా అనేది డబ్బా సైజు చెప్పదు. లోపల ద్రవం ఎలా ఉంది, గ్యాస్ ఎటు పోతుంది, ఈ రెండూ చెబుతాయి.

లోపల ఏముంటుంది?

లెడ్ యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. సూత్రం ఇప్పటికీ అదే. పాజిటివ్ ప్లేటు మీద లెడ్ డయాక్సైడ్, నెగటివ్ ప్లేటు మీద స్పాంజిలాంటి సీసం, రెండింటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్టులు. ఆరు సెల్స్ వరసగా కలిపితే మనం 12 వోల్టులు అని పిలిచేది వస్తుంది.

నా బ్యాటరీ పాత పద్ధతిది. డబ్బా తెల్లగా, లోపలి మట్టం కనబడేలా ఉంటుంది. పైన ఒక గీత, కింద ఒక గీత. యాసిడ్ ఆ రెండింటి మధ్య ఉండాలి. ఆ గీతలు అడ్డంగా ఎందుకు గీశారో నేను ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. అలాంటి బ్యాటరీని పడుకోబెడితే నాలుగు పనులు జరుగుతాయి.

ఒకటి, పై భాగంలో ఉన్న ప్లేట్లు యాసిడ్ బయటికి తేలతాయి. తేలిన చోట పని చేయవు, ఎండి పాడవుతాయి.

రెండు, వాడుతున్న కొద్దీ ప్లేట్ల నుంచి పొడి రాలుతుంది. అది చేరడానికి డబ్బా అడుగున ఖాళీ వదులుతారు. పడుకోబెడితే ఆ బురద ప్లేట్ల మధ్యకి చేరి షార్ట్ చేయొచ్చు.

మూడు, గ్యాస్ పోవడానికి పైన పెట్టిన దారి ఇప్పుడు యాసిడ్ మట్టానికి దిగిపోతుంది. గ్యాస్ బదులు యాసిడ్ బయటికొస్తుంది. నేను పీకేసిన పైపు ఆ దారిదే. అది బ్యాటరీ నుంచి వచ్చేదాన్ని గొలుసుకి, ఫ్రేముకి తగలకుండా కిందికి వదలడానికి పెట్టింది.

నాలుగు, ఛార్జింగ్ చివర్లో నీళ్లు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్యే పేలుతుందని చెప్పాను కదా, హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా పేలుతుంది. సీటు కింద గాలాడని డబ్బాలో, పక్కనే స్పార్క్ కొట్టే వదులు వైరు. ఈ అంకె చెప్పినప్పుడు బాపు మొహంలో రంగు మారింది. గ్యాస్ అంటే ఏంటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి మలుపులో బండి వంగితే?

ఈ ప్రశ్న నాకూ వచ్చింది. హైవే మీద మలుపు తిరిగేటప్పుడు బండి ముప్పై డిగ్రీలు వంగుతుంది. అప్పుడెందుకు కారదు?

నీళ్ల బకెట్ పట్టుకుని గిరగిరా తిప్పే ఆట చిన్నప్పుడు అందరం ఆడాం. బకెట్ అడ్డంగా తిరిగినా నీళ్లు అడుగుకే అతుక్కుంటాయి. బండి కూడా అంతే. మలుపులో బరువు కిందికి లాగుతుంది, తిరుగుడు బయటికి తోస్తుంది. రెండూ కలిసిన బలం బండి టైర్ల వైపే ఉండేలా మనం వంగుతాం, లేకపోతే పడిపోతాం. కాబట్టి బ్యాటరీలోని యాసిడ్‌కి సంబంధించినంత వరకు "కింద" అంటే ఇంకా డబ్బా అడుగే. సైడ్ స్టాండ్ మీద నిలిపినప్పుడు మాత్రం నిజంగానే ఒరుగుతుంది. ఆ కొద్ది వంపుని లెక్కలో పెట్టుకునే డిజైన్ చేస్తారు. పూర్తిగా పడుకోబెట్టడం లెక్కలో లేదు. బండి ఎప్పుడైనా కిందపడితే, పాత రకం బ్యాటరీ అయితే, లేపాక ఒకసారి యాసిడ్ మట్టం చూడండి.

ఏది పడుకోబెట్టొచ్చు, ఏది కూడదు

పాత రకం, అంటే మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసేది: కూడదు. నిలువుగానే ఉండాలి. జపాన్ కోడ్ వాడే బ్యాటరీల మీద పేరు 12ఎన్ అనో వైబీ అనో మొదలైతే ఈ రకమే.

ఏజీఎం: ఇందులో యాసిడ్ ప్లేట్ల మధ్య నొక్కిపెట్టిన సన్నటి గాజు పీచు చాపలో ఇంకిపోయి ఉంటుంది. స్పాంజిలో నీళ్లలాగా. 1970ల మొదట్లో అమెరికాలో గేట్స్ కంపెనీ దీన్ని తెచ్చింది. చాపని పూర్తిగా తడపరు, కొన్ని రంధ్రాలు ఖాళీగా వదులుతారు. పాజిటివ్ దగ్గర పుట్టిన ఆక్సిజన్ ఆ ఖాళీల గుండా నెగటివ్ వైపు వెళ్లి మళ్లీ నీళ్లవుతుంది. అందుకే నీళ్లు పోసే పని లేదు. ఒత్తిడి మరీ పెరిగితే తెరుచుకోవడానికి చిన్న వాల్వ్ ఉంటుంది. వీఆర్ఎల్ఏ అనే పేరులో మొదటి అక్షరం ఆ వాల్వే.

జెల్: యాసిడ్‌లో సిలికా కలిపి జున్నులా గట్టిపరుస్తారు. 1957లో జర్మనీలో సోనెన్‌షైన్ కంపెనీకి చెందిన ఒట్టో యాకే చేశాడు. దీనికీ వాల్వ్ ఉంటుంది.

ఫ్యాక్టరీలోనే నింపి సీల్ చేసిన ఏజీఎం, జెల్ బ్యాటరీల్లో చాలావాటిని పక్కకి పడుకోబెట్టొచ్చు. మొబైల్ టవర్లకి వాడే పెద్ద 2 వోల్టుల వీఆర్ఎల్ఏ సెల్స్‌ని స్టీలు ర్యాకుల్లో పడుకోబెట్టే ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. 1985లో మొదలై, తిరుపతి దగ్గర కరకంబాడిలో ఫ్యాక్టరీ ఉన్న మన అమరరాజా కూడా అలాంటివి చేస్తుంది. అయితే తలకిందులు మాత్రం వద్దు. వాల్వ్ కిందికి వస్తే, అది తెరుచుకున్న రోజు గ్యాస్‌తో పాటు యాసిడ్ తుంపర కూడా వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక. కొన్ని ఏజీఎం బ్యాటరీలు పొడిగా వస్తాయి, పక్కన యాసిడ్ సీసాల సెట్టు ఉంటుంది. షాపులో పోసి మూత బిగిస్తారు. వైటీఎక్స్5ఎల్-బీఎస్ లాంటి పేరులో చివరి బీఎస్ అంటే భారత్ స్టేజ్ కాదు, బాటిల్ సప్లైడ్. ఇవి కూడా సీల్డ్ లాగే కనబడతాయి. కానీ కొలత ప్రకారం పోయాలి, చాప పీల్చుకునేదాకా ఆగాలి, మూత సరిగ్గా కూర్చోవాలి. పడుకోబెట్టడానికి వీటిని నమ్ముకోకండి. ఫ్యాక్టరీ సీల్ ఉన్నదే అడగండి. దానికైనా కంపెనీ కాగితంలో ఎంత వంపుకి ఒప్పుకుందో చదివాకే డబ్బు కట్టండి. "మెయింటెనెన్స్ ఫ్రీ" అంటే నీళ్లు పోయక్కర్లేదని మాత్రమే, ఎటైనా తిప్పుకోమని కాదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్: బాపు వాళ్ల కొత్త ల్యాంపులాగే ఇందులో కారే యాసిడ్ లేదు. సాధారణంగా ఎటు పెట్టినా పర్లేదు. బరువు సీసం బ్యాటరీలో మూడో వంతు కూడా ఉండదు. ఖరీదు ఎక్కువ. ఛార్జింగ్ 14.6 వోల్టులు దాటకూడదు, కాబట్టి పాత బండి రెగ్యులేటర్ బాగుందో లేదో ముందు చూడాలి. సీసం బ్యాటరీల ఛార్జర్లలో ఉండే డీసల్ఫేషన్ మోడ్ దీని మీద వాడకూడదు.

ఏ రకమైనా వోల్టులు 12 ఉండాలి, ఏహెచ్ మీ బండి పుస్తకంలో ఉన్నదానికి దగ్గరగా ఉండాలి. పాజిటివ్ కుడివైపో ఎడమవైపో చూసుకోవాలి. తప్పు వైపుది కొని వైరు లాగి లాగి అందించినవాళ్లు నాకు తెలుసు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. అక్కడ బ్యాటరీ అంటే హారన్ ఒక్కటే కాదు, ఇంజన్ నడిపే ఈసీయూకి కూడా అదే ఆధారం. వాటిని కదిలించే ముందు రెండుసార్లు ఆలోచించండి.

అమర్చేటప్పుడు

మేం చేసిన వరస ఇది.

పాతది విప్పేటప్పుడు నెగటివ్ ముందు. కొత్తది బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. కారణం సులువు. ఫ్రేమంతా నెగటివే. నెగటివ్ ఊడదీశాక పాజిటివ్ దగ్గర స్పానర్ జారి ఫ్రేముకి తగిలినా నిప్పు రాదు.

యాసిడ్ కారిన చోట తినే సోడా నీళ్లలో కలిపి పోశాం. బుస్సుమని నురగ వచ్చింది. నురగ ఆగేదాకా పోసి, మంచినీళ్లతో కడిగి, ఆరాక రంగు వేశాం. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే కనీసం పావుగంట ఆపకుండా నీళ్లతో కడుగుతూనే డాక్టరు దగ్గరికి వెళ్లే ఏర్పాటు చూడాలి.

పళ్లెంలాంటి రేకు తొట్టి చేయించాం. అడుగున, పక్కల్లో రబ్బరు. బ్యాటరీ కదలకూడదు, అలాగని డబ్బా ఉబ్బేలా నొక్కకూడదు. పైన రబ్బరు పట్టీ. మా బొగ్గు లారీల రోడ్డు మీద గుంతలకి ప్లేట్లు అదిరితే ఏ టెక్నాలజీ అయినా త్వరగా పోతుంది.

టెర్మినళ్లు సీటు అడుగు రేకుకి గానీ, ఫ్రేముకి గానీ తగలకుండా చూశాం. సీటు మీద ఇద్దరు కూర్చుంటే ఎంత దిగుతుందో, సీటు కింద మైనం ముద్ద పెట్టి కొలిచాం. పాజిటివ్‌కి రబ్బరు తొడుగు, దాని దగ్గరే ఫ్యూజ్. సైలెన్సర్ వేడి తగలకుండా, గాలి ఆడేలా చోటు. వాల్వ్ ఉన్న వైపు కిందికి రాకుండా అమరిక.

ఫ్రేము మాత్రం కోయలేదు. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది.

చివరికి మల్టీమీటర్. ఇంజన్ ఆపి, బ్యాటరీ కాసేపు విశ్రాంతి తీసుకున్నాక 12.7 వోల్టులు. ఇంజన్ రేజ్ చేస్తే 14.3. పదిహేను దాటితే ఏజీఎం లోపల నీళ్లు వాల్వ్ గుండా పోతాయి. మళ్లీ నింపడానికి మూత ఉండదు.

పాత బ్యాటరీని చెత్తలో వేయలేదు. కొన్న షాపులోనే ఇచ్చేశాం. సీసం నేలలోకి పోతే అది ఒక్క చీరతో ఆగే నష్టం కాదు.

తెల్ల కాగితం

అంతా అయ్యాక అమ్మని బండి ఎక్కమన్నా. ఎక్కలేదు. బ్యాటరీ మార్చాం, ఇందులో యాసిడ్ కారదు, గాజు చాప ఉంటుంది అని మొత్తం లెక్చర్ ఇచ్చా. విని, "అప్పుడు గుడ గట్లనే అన్నవ్ గద బిడ్డా, ఏం కాదని" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. బాపు లోపలికి వెళ్లి నా పాత రికార్డు బుక్కులోంచి ఒక తెల్ల కాగితం చింపుకొచ్చాడు. మడిచి, బ్యాటరీ కింద తొట్టిలో పరిచాడు. "వారానికొకపారి తియ్యి. తడి ఉన్నా, పసుపు మరక ఉన్నా, చిల్లు ఉన్నా బండి బయటికి తియ్యకు. మీ అమ్మకు సూపెట్టినంకనే ఎక్కించుకో."

ఆదివారం సీటు ఎత్తి, కాగితం తీసి, అమ్మకి చూపించడం ఇప్పుడు అలవాటైంది. నేను హాస్టల్‌లో ఉన్న వారాల్లో బాపు చూపిస్తాడు. నాలుగు నెలలైంది. దుమ్ము పడి కాగితం కాస్త నల్లబడింది గానీ, తడి లేదు, చిల్లు లేదు.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు అమ్మ కాగితాన్ని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నీలం చీర అంచు లోపలికి మడిచి కుట్టించుకున్నది కట్టుకొచ్చి, బండి ఎక్కింది.